దింపుడు కళ్లం దగ్గర పాచికలు

కర్నూలు,
ఆదివారం పొద్దున.

నన్ను చంకనేసుకొని పెంచిన లక్షుమ్మక్క పాదాలకు తల ఆనించి, తమ్ముడు చెన్నయ్య రాసుకుంటున్నది.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, అబ్బాయి, కోడలు, పిల్లలు బాగున్నారని నమ్ముతున్నాను. నీ మోకాళ్ళు ఎట్లున్నాయి? చలికి ఎక్కువైందా? నల్లావు ఈనిందా? అమ్మా సుజాతా, ఈ ఉత్తరం చదివి వినిపించేది నువ్వే కదా, మీ అత్తకు ఎడమ చెవి వినపడదు, కుడిపక్కన కూర్చొని గొంతు పెంచి చదువు. ఎక్కడైనా మీ అత్త కొంగు కంటికి అడ్డం పెట్టుకుంటే కాసేపు ఆగి మళ్ళీ చదువు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు అక్కా. ఫోన్లో నువ్వు "తిన్యావా" అంటావు, నేను "తిన్యా" అంటాను, అక్కడితో మాట అయిపోతుంది. ఇంకా ఏదైనా చెప్పబోతే ఉపన్యాసం మొదలుపెట్టినావా అంటావు. కాగితమైతే అడ్డం రాదు.

పని తేలికే. గేటు తీయాలి, మోటారు వేయాలి, మెట్లు ఊడ్వాలి. మెట్ల కింద నాకొక గది ఇచ్చారు. అందులో మంచం, పొయ్యి, ఎర్రగుడ్డలో చుట్టిన మన గ్రంథం. పడుకుంటే కాళ్ళు తలుపుకు తగులుతాయి. పొద్దున చలి, మధ్యాహ్నానికి ఎండ మాడ్చేస్తుంది. తుంగభద్ర మీది గాలి సాయంత్రం పూట మాత్రం మిద్దె మీదికి వస్తుంది. ఇక్కడివాళ్ళు పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తింటారు. బాగుంటుంది గానీ కడుపులో నిలవదు. నేను సంగటి కెలుక్కుంటాను. ఒక్కడికే కెలికితే ముద్ద సరిగ్గా రాదక్కా. ఇద్దరికి సరిపడా కెలకడం అలవాటైన చెయ్యి కదా, ప్రతిసారీ మిగిలిపోతుంది.

నువ్వు ఎరుగుదువు, ఊళ్ళో నేను నోరు తెరిస్తే భజనమందిరం నిండేది. బద్వేలు చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళలో సారాయి మాన్పించాను! పేకముక్కలు ఎంతమంది చేత పొయ్యిలో వేయించాను! బడికి నాలుగేళ్ళే పోయినా గ్రంథం మొత్తం నాకు నేనుగా నేర్చుకున్నవాణ్ణి. ఆ తర్వాత ఊరూరా పెద్ద పెద్ద పాటల పెట్టెలు వచ్చాయి, నా గొంతు అక్కరలేకుండా పోయింది. నీ మరదలు పోయాక ఇల్లూ అక్కరలేకుండా పోయింది. ఇక్కడ నా గొంతుకు పని గేటు దగ్గరే. "బండి ఈడ పెట్టొద్దప్పా." అంతే ఉపన్యాసం.

ఒక్క సంగతి మాత్రం కష్టంగా ఉంటుంది. ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కారువాళ్ళు హారన్ కొడతారు, నడిచి వచ్చేవాళ్ళు గేటు మీద తడతారు. ఓనరు "వాచ్‌మన్" అంటాడు. కొన్నాళ్ళు నాకే నా పేరు మరుపొస్తుందేమో అనిపించి, మోటారు వేసేటప్పుడు "ఒరే చెన్నయ్యా, నీళ్ళు నిండినాయి, ఆపరా" అని నన్ను నేనే పిలుచుకున్నాను. నవ్వొద్దు. సుజాతా, నువ్వూ నవ్వొద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీనికి నీ మాట కావాలి.

వచ్చిన కొత్తలో ఒక ఆదివారం సాయంత్రం, ట్యాంకు నిండిందేమో చూద్దామని మిద్దె ఎక్కాను. చాప పరుచుకొని ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. మధ్యలో రంగురంగుల పాచికలు! నా ఒళ్ళు మండింది. నేను కాపలా ఉన్న ఇంట్లో జూదమా! ఒక్క ఊపున ఆ పాచికలన్నీ భుజం మీది తువ్వాలులోకి ఊడ్చి పిట్టగోడ అవతలికి విసిరేశాను. "ఇవే ఒక రాజును అడవికి తోలినాయి! ఆలిని నిండు సభకు ఈడ్చినాయి! వంశానికి వంశం బూడిదైపోయింది!" అని గర్జించాను. చాలా రోజుల తర్వాత నా గొంతు నాకే బాగా వినిపించింది.

వాళ్ళలో గడ్డం పిల్లవాడు, పేరు మస్తాన్, పాతబస్తీలో ఫోన్లు బాగుచేస్తాడు, చేతులు జోడించాడు.

"సామీ, ఇందులో దుడ్లు లేవప్పా. ఓడిపోతే మమ్మల్ని దయ్యం తింటాది, అంతే."

"దయ్యం తింటే తినిందిలే," అంది ఆ పిల్ల, రెండో అంతస్తులో ఉండే మానస, ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. "ఆ ఇరవై ముఖాల పాచిక నాది. హైదరాబాదు నుంచి తెప్పించుకున్యా. ఎట్ల తెస్తావో నాకు తెల్దు, తే."

పాచికలు పోయి పక్కింటి బర్రె కుడితి తొట్టిలో పడ్డాయి. సారాయి మాన్పించిన సామి, తువ్వాలు చుట్టిన చేతులు మోచేతుల దాకా కుడితిలో ముంచి దేవులాడుతుంటే, ఆ బర్రె నా వీపు నాకింది. పైనుంచి ముగ్గురూ నవ్వారు. అక్కా, అట్లా నన్ను చూసి ఎవరైనా నవ్వి ఎన్నాళ్ళైందో!

అది జూదం కాదు. మన వీధి భాగవతం లాంటిది, కాకపోతే రంగు పూసుకోరు, కూర్చున్నచోటనే ఆడతారు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక వేషం. "నేను ఈ కోట గోడ ఎక్కుతా" అంటే సరిపోదు, పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే ఎక్కినట్టు, చిన్నది పడితే జారినట్టు. వారం వారం అదే కథ సాగుతుంది. మూడో అంతస్తులో ఉండే సుధీర్ కథ నడుపుతాడు. నంద్యాలవాడు, కంపెనీ పని ఇంటి నుంచే చేస్తాడు, మనిషి నెమ్మది, మాట మాత్రం కత్తి.

ఆ కథలు ఎక్కడివి అని అడిగాను. సుధీర్ ఇటుకల్లాంటి ఇంగ్లీషు పుస్తకాలు చూపించాడు. అన్నీ రాజ్యాలు, మంచుకొండలు, బంగారం తవ్వే మరుగుజ్జులు, రెక్కల సర్పాలు. పాతవాటిలో మంచివాళ్ళు ఒకపక్క, చెడ్డవాళ్ళు ఒకపక్క. ఈ మధ్య రాసేవాళ్ళు అట్లా రాయరట. రాక్షసుడికీ ఒక న్యాయం ఉంటుంది, మంత్రం వేసినవాడు దానికి బదులు ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, కన్నో, జ్ఞాపకమో. సుధీర్ నడిపే కథ అంతా ఆ లెక్కనే. అందులో తిండి అయిపోతుంది, దివిటీ ఆరిపోతుంది, తప్పటడుగు వేస్తే మనిషి చస్తాడు. ఇది నాకు నచ్చింది. వరం ఇచ్చిన ప్రతిచోటా మన గ్రంథంలోనూ ఒక మెలిక ఉంటుంది కదా!

మానస దారి వేరు. ఆమె చూసేది జపాను బొమ్మల కథలు. ముఖంలో సగం కళ్ళే. ఒకడు లారీ కింద పడి చచ్చి, ఇంకో లోకంలో పుట్టి, అక్కడ మొనగాడవుతాడు. పునర్జన్మ! సముద్రాల అవతల వాళ్ళు దీన్ని బొమ్మలు గీసి అమ్ముకుంటుంటే మనం మందిరానికి తాళం వేసుకున్నాం! ఆ కథల్లో బలహీనుడు సాధన చేసి చేసి బలవంతుడవుతాడు. శత్రువు తన కథ చెప్పి ఏడిస్తే స్నేహితుడవుతాడు. దెబ్బ వేసేముందు దాని పేరు గట్టిగా అరుస్తారు. మానస కూడా ఆటలో లేచి నిలబడి "చంద్రకోత!" అని అరిచి పాచిక వేస్తుంది. సుధీర్‌కు మొదట్లో ఒళ్ళు మండేదట.

"యుద్ధంలో యెవురన్నా పేరు చెప్పి కొడ్తారా?" అన్నాడు ఒకసారి.

"కొడ్తారు," అన్నాను నేను. "మనవాళ్ళు అస్త్రం పేరు తల్చుకోకుండా బాణం వదిల్నారా? పాప సరిగ్గానే చేస్తాంది."

ఆ రోజు నుంచి నేను మానస పక్షం అయిపోయాను. ఒకటి మాత్రం ఒప్పుకోలేదు. ఆ బొమ్మల్లో ఎవరైనా కుమిలి కుమిలి ఏడిస్తే ఒంట్లోంచి వెలుగొచ్చి బలం పదింతలవుతుందట. "ఏడిస్తే బలమొచ్చేటట్టయితే నేను ఈపాటికి శ్రీశైలం కొండ ఎత్తి పక్కన పెట్టుండాల," అన్నాను. మస్తాన్ పడీపడీ నవ్వాడు. మానస నవ్వలేదు. నా వైపు కాసేపు చూసింది.

తర్వాత్తర్వాత నాకూ ఒక చోటు ఇచ్చారు. దారిలో కలిసే ముసలివాడు, గుడి పూజారి, గుహలో సర్పం, ఇట్లాంటివాళ్ళ మాటలు నేను పలకాలి. సర్పం చేత ఆశ మీద అరగంట బోధ చేయించాను. సుధీర్ అడ్డుపడితే "పామును పూర్తి చేయనీప్పా" అన్నాను. చివరికి మస్తాన్ కత్తి కింద పెట్టి "లొంగిపోతాండా సామీ, బంగారం నువ్వే పెట్టుకో" అన్నాడు. ఆదివారం వస్తే చాలు, మెట్ల మీద చెప్పుల చప్పుడు కోసం చెవి అక్కడే ఉండేది. "సామీ, పైకి రా!" అని మానస రెండో అంతస్తు నుంచి కేకేసేది. వారానికి ఒక్క కేక. దానితో మిగతా రోజులు గడిచిపోయేవి.

ఇంతలో గొడవ వచ్చింది.

మానస వేషం పేరు హారుమి. జపాను పేరే. చేతిలో వంకర కత్తి, వెంట తెల్ల నక్క. ఆ వేషాన్ని ఆ పిల్ల ఎంతో కాలంగా మోసుకొస్తోంది, మట్టితో చిన్న బొమ్మ కూడా చేసుకొని రంగులు వేసింది. ఆ ఆదివారం కథలో ఒక లోయ. మన గండికోట దగ్గర పెన్నేరు చీల్చుకొని పోయే లోయ ఉంది చూడు, సుధీర్ దాన్నే చూసొచ్చి కథలో పెట్టాడు. దాని మీద తాళ్ళ వంతెన. వెనక రాతి రాక్షసుడు. మిగతావాళ్ళు దాటేదాకా హారుమి ఒక్కతే అడ్డంగా నిలబడింది. పాచిక వేసింది. ఒకటి పడింది.

"వంతెన తెగింది. హారుమి లోయలో పడిపాయ," అన్నాడు సుధీర్.

మానస లేచి నిలబడింది. "లేదు. ఇప్పుడు దాని చిన్నప్పటి కథ రావాల. వాళ్ళమ్మ చెప్పిన మాట మతికొస్తాది. లేస్తాది."

"ఇది నీ బొమ్మల కథ కాదు. ఒకటి పడిండాది. చచ్చిపాయ."

"నీ పుస్తకాల్లో మాదిరి అందరూ చావల్నా? చంపితేనే పెద్ద కథ అనుకుంటాండావు!"

"మరి నీ బొమ్మల్లో ఎవురూ చావరు. చావు లేకపోతే వంతెన మీద నిలబడేదాంట్లో గొప్పేముండాది?"

"ఏమప్పా, ఆడ బిర్యానీ చల్లగయితాంది," అన్నాడు మస్తాన్. ఎవరూ వినిపించుకోలేదు. మానస తన పాచిక తీసుకొని దిగిపోయింది. సుధీర్ పుస్తకాలు సర్దుకున్నాడు. మట్టిబొమ్మ చాప మీదే మిగిలింది. దాన్ని నేను తెచ్చి గ్రంథం పక్కన పెట్టాను.

తర్వాతి ఆదివారం మిద్దె ఊడ్చి చాప వేసి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. మానస గేటు దాటుతూ తల దించుకొని పోయింది, సుధీర్ ఫోను చెవికి పెట్టుకొని పోయాడు. మళ్ళీ హారన్లు, గేటు మీద తట్టడాలు. మిద్దె మీద ఒక్కణ్ణే కూర్చుంటే పక్కింటి బర్రె నన్ను చూసి తలెత్తేది. దానితో రెండు మాటలు మాట్లాడాను. అంతకంటే చెప్పను, నువ్వు బాధపడతావు. బాగానే ఉన్నాను, తింటున్నాను.

చివరికి మస్తాన్ వచ్చాడు. "సామీ, ఇద్దరూ మొండోళ్ళు. నువ్వు యేం చెప్తే అది వింటామన్యారు. నీ బుక్కులో చూసి తీర్పు చెప్పు. లేకపోతే ఆట అయిపోయినట్టే."

గ్రంథం విప్పాను. ఒకచోట ఒక ఇల్లాలు మృత్యువు వెంటనే నడిచి, మాటలతో గెలిచి మగడి ప్రాణం తెచ్చుకుంది. మానస గెలిచింది అనుకున్నాను. ఇంకోచోట పదహారేళ్ళ కుర్రవాడు యుద్ధంలో ఒంటరిగా చిక్కి పడిపోయాడు. మేనమామ సాక్షాత్తూ దేవుడే అయినా లేపలేదు. అప్పుడు సుధీర్ గెలిచాడు. పుటలు తిప్పుతూ పోయాను. అటూ ఉంది, ఇటూ ఉంది. ఇన్నేళ్ళలో అడిగినదానికి నా దగ్గర వాక్యం లేకపోవడం అదే మొదలు. గ్రంథం మూసి ఎర్రగుడ్డ చుట్టేశాను. పక్కనే ఆ మట్టిబొమ్మ. దాన్ని చూస్తుంటే గ్రంథంలో లేనిది గుర్తొచ్చింది.

మళ్ళీ ఆదివారం ముగ్గురినీ పిలిపించాను. ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. చాప మధ్యలో తువ్వాలు పరిచి బొమ్మను పడుకోబెట్టాను.

"పాచిక ఒకటి పడిండాది. దాన్ని యెవురూ కాదనేందుకు లేదు," అన్నాను. మానస ముఖం వాడిపోయింది. "కానీ మనిషిని ఇంటి నుంచి తిన్నగా కాటికి తీసకపోము. మధ్యలో దించుతాము. దింపుడు కళ్లం. చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాము. పలికితే ఇంటికి తెచ్చుకుంటాము. పలక్కపోతే పోతాము. హారుమిని ఎవురూ దించలా, ఎవురూ పిలవలా. అది తప్పు."

"మా జేజికి పిల్చినారు," అంది మానస, వాళ్ళ నాయనమ్మను తలుచుకొని.

"మాలో ఇది లేదు సామీ," అన్నాడు మస్తాన్. "అయినా పిలుస్తా."

ఒక్కో పిలుపుకు ఒక్కో పాచిక. సగానికి పైన అంకె పడితే పలికినట్టు. సుధీర్ ఒప్పుకున్నాడు. మస్తాన్ వంగి పిలిచి వేశాడు. పడలేదు. రెండోది సుధీర్. చచ్చిపాయ అన్న మనిషే అక్కా, ఆ బొమ్మ చెవి దగ్గర నోరు పెట్టి "హారుమీ" అన్నాడు, వినీ వినపడనంత మెల్లగా. పాచిక వేశాడు. అదీ పడలేదు.

"మూడోది నువ్వు పిలువు సామీ," అంది మానస.

పాచిక ముట్టనని నేను ఎన్ని ఊళ్ళలో ఎన్నిసార్లు ప్రమాణం చేయించానో, చేశానో నీకు తెలుసు. కుడితిలోంచి తీసినప్పుడు కూడా తువ్వాలుతోనే పట్టుకున్నాను. అయినా తీసుకున్నాను. వంగాను. పిలిచాను.

అక్కా, పిలిచేటప్పటికి నేను కర్నూలులో లేను. మన ఊరి బయట వంక దగ్గర ఉన్నాను. ఆడవాళ్ళు అక్కడి నుంచే వెనక్కి తిరగాలి కాబట్టి నువ్వూ అక్కడిదాకా వచ్చావు. మాకు పిల్లల్లేరు కాబట్టి నేనే పిలవాలన్నారు. జీవితమంతా "ఏమ్మే" అనే పిలిచినవాణ్ణి. పెండ్లాం పేరు మగవాడు పలకడం మన ఇండ్లలో ఎక్కడుంది? ఆమె పేరు నా నోట మొదటిసారి వచ్చింది ఆ చెవిలోనే. మూడుసార్లు. నువ్వు నా భుజం పట్టుకొని లేపావు.

పాచిక దొర్లి ఆగింది. పడలేదు.

మానసే అంది. "పలకలా. ఇంక ఎత్తండి."

తువ్వాలు నాలుగు కొసలు నలుగురం పట్టుకొని, మిద్దె మూల కనకాంబరం కుండీలో ఆ బొమ్మను పెట్టి మట్టి కప్పాము. "మంచిగా పోయింది," అన్నాడు సుధీర్. "ఇట్లా పోయేది నా పుస్తకాల్లో లేదు, నీ బొమ్మల్లో లేదు." మానస కళ్ళు తుడుచుకుంటూ "ఈసారి నక్కనన్నా బతికించు" అంది. మస్తాన్ తెచ్చిన బిర్యానీ అప్పుడు తిన్నారు. నాకు పెరుగన్నం కట్టించుకొని వచ్చాడు.

అందరూ దిగిపోయాక మానస ఆగింది. "సామీ, నువ్వు పిల్చింది హారుమిని కాదు కదా. యెవుర్ని?"

చెప్పాను. ఆమె పేరు అడిగింది. అదీ చెప్పాను.

పోయిన వారం ఆ పిల్ల కొత్త వేషం తెచ్చింది. ముసలామె. ఎండిన దేశం నుంచి వచ్చింది, నడుముకు కొడవలి, నోట్లో ఆకువక్క, ఎవరికీ జడవదు. జపాను కథల్లో ఇట్లాంటి ముసలమ్మలే రాజుల కంటే గట్టివాళ్ళట. దెబ్బ వేసేముందు పేరు అరవదు, "నీ మొగం మండ" అంటుందట. వెంట తెల్ల నక్క. "నువ్వు వద్దంటే వేరే పేరు పెట్టుకుంటా సామీ," అంది. నేను వద్దనలేదు. ఔననీ అనలేదు. ఆ వారానికి మాత్రం పెట్టుకో అన్నాను, మా అక్కను అడగాల అన్నాను.

నువ్వు చెప్పాలి. పోయినవాళ్ళ పేరు ఆటలో పెట్టుకోవడం తప్పా? తప్పంటే సుజాత చేత ఒక్క ముక్క రాయించు, మాన్పిస్తాను. నీ మాట నాకు గ్రంథంతో సమానం.

ఎవరైనా ఇటు వస్తుంటే రాగిపిండి, కొంచెం చెనిక్కాయలు పంపు. ఇక్కడ వీటిని బుడ్డలు అంటారు, రుచి అది కాదు. పెట్టెలో నా కంబళి ఉంటుంది, దాని కింద ఆమె కొడవలి కూడా ఉంటుంది. కంబళి చాలు. కొడవలి అక్కడే ఉండనీ. పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు నా ముద్దులు. నువ్వు అక్కడి నుంచే నా నెత్తిన చెయ్యి పెట్టినట్టు అనుకుంటే నాకు ఇక్కడ తగులుతుంది.

సాయంత్రం ఆట ఉంది. పోయిన వారం మొదలుపెట్టేటప్పుడు, అందరూ వచ్చారో లేదో చూద్దామని సుధీర్ ఒక్కో వేషాన్నీ పిలిచాడు. "వెంగమ్మా, యాడుండావు?"

"ఆఁ, ఈడ్నే ఉండా," అంది.

నీ చేతి ముద్దకు దూరమైన
తమ్ముడు
చెన్నయ్య